పాత వాకిజాషి చేతికొస్తే ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు

వాకిజాషి అంటే సమురాయ్‌లు నడుముకి దోపుకునే రెండు కత్తుల్లో చిన్నది. జపాన్ పాత కొలతల్లో షాకు అంటే 30.3 సెంటీమీటర్లు, బ్లేడ్ ఒక షాకు లోపుంటే తాంతో అంటారు, ఒకటికీ రెండుకీ మధ్య ఉంటే వాకిజాషి, రెండు దాటితే కతానా. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా, రెండు కత్తులూ జతగా పెట్టుకునే హక్కు సమురాయ్‌లదే, కానీ చిన్నది ఒక్కటీ వ్యాపారస్తులు కూడా పెట్టుకునేవాళ్ళు, చేతిలో డబ్బాడే వ్యాపారి అయితే దాని మీద ఎంతైనా ఖర్చు పెట్టేవాడు. పైగా సమురాయ్ ఎవరింటికైనా వెళ్తే పెద్ద కత్తి గుమ్మం దగ్గరే ఇచ్చేసేవాడు, చిన్నది మాత్రం ఒంటి మీదే ఉండేది, సో లోపల కూర్చున్న నలుగురి కళ్ళూ పడేది దీని మీదే. అందుకే ఈ చిన్న కత్తుల పిడి మీదా ఒర మీదా ఉండే మెటల్ పనితనం అంత గొప్పగా ఉంటుంది. ఈ బయటి సామాను మొత్తాన్ని కలిపి కోషిరాయె అంటారు.

ఇవి మన చేతికి ఎలా వస్తాయి అంటే, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికన్ సైనికులు జపాన్ నుంచి వేలకి వేలు ఇంటికి పట్టుకుపోయారు, ఇప్పుడు వాళ్ళ పిల్లలూ మనవలూ అమ్మేస్తున్నారు, అక్కడుండే మనవాళ్ళకి ఎస్టేట్ సేల్స్‌లో, యాంటిక్ షోల్లో కనబడుతుంటాయి. కొన్నాక ఫోటో పెట్టి మొదట అడిగేది ఒకటే, "ఇది బాగా నల్లబడిపోయింది, దేంతో తోమాలి?" అని. దీనికి ఆన్సర్ ముందే చెప్పేస్తా ఎందుకంటే మిగతా గైడ్ అంతా చదవకపోయినా ఇది ఒక్కటి గుర్తుంటే చాలు: దేంతోనూ తోమొద్దు. పీతాంబరి వద్దు, చింతపండు వద్దు, బ్రాసో వద్దు, నిమ్మకాయ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు.

ఎందుకో చెప్తా, ఇది కొంచెం వివరంగా చెప్పాల్సిన విషయం. ఆ నలుపు మురికి కాదు, కావాలని తెప్పించిన రంగు. ఎక్కువగా వాడే లోహం షకుదో, అంటే రాగిలో కొద్దిగా, మామూలుగా వందకి రెండు నుంచి ఐదు పాళ్ళ దాకా, బంగారం కలిపిన మిశ్రమం. పోత పోసినప్పుడు చూస్తే మామూలు రాగిలాగే ఉంటుంది. చెక్కడం అంతా అయ్యాక దాన్ని శుభ్రంగా తోమి, ముల్లంగి తురుము నీళ్ళలో ముంచి, తర్వాత రోకుషో అనే రాగి చిలుముతో చేసిన ద్రావణంలో ఉడికిస్తారు, అప్పుడు పైన చాలా పల్చగా ఒక పొర వచ్చి నీలం ఛాయ ఉన్న నలుపు తిరుగుతుంది. అదే గిన్నెలో బంగారం అయితే రంగు మారదు, మామూలు రాగి ఎర్ర గోధుమ రంగుకి వెళ్తుంది, రాగిలో వెండి కలిపిన షిబుఇచి బూడిద రంగుకి వస్తుంది. అంటే ఒకే చిన్న ముక్క మీద నల్లటి ఆకాశం, బంగారు చంద్రుడు, బూడిదరంగు మబ్బు, ఎర్రటి ఆకు, ఇన్ని రంగులూ పెయింట్ లేకుండా లోహాలతోనే, ఒక్క ఉడుకుతో వచ్చినవి. ఇప్పుడు దీన్ని మీరు బ్రాసో పెట్టి రుద్దితే ఏమవుతుంది, ఆ పొర పోయి నల్లటి భాగం అంతా రాగి రంగులోకి తిరిగిపోతుంది, మళ్ళీ తెప్పించాలంటే జపాన్‌లో ఆ పని తెలిసినవాళ్ళ దగ్గరికి పంపాలి, అయినా పాతదాని నిగారింపు రాదు. చెమట చేతి వేలిముద్ర కూడా షకుదో మీద మచ్చగా ఉండిపోతుంది, అందుకే మెటల్ ముక్కలు అంచులు పట్టుకునే చూడండి, లేదంటే నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

విప్పడం

విప్పకుండా చూస్తే సగమే చూసినట్టు, కానీ తొందరపడకండి. ముందు టేబుల్ మీద మెత్తటి మందపాటి బట్ట పరవండి, పిల్లల్ని గదిలోంచి పంపండి, ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి, చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వండి. బ్లేడ్ బయట ఉన్నంతసేపూ దాని మీదకి వంగి మాట్లాడొద్దు, ఉమ్మి తుంపర ఒక్కటి పడి ఆరినా తెల్లారేసరికి అక్కడ తుప్పు చుక్క లేస్తుంది.

ఒర పక్కన చిన్న జేబులాంటి గాడిలో బుల్లి చాకు ఉంటే (దాని పిడిని కొజుకా అంటారు) దాన్ని ముందు తీసి పక్కన పెట్టేయండి. ఇప్పుడు కత్తి బయటికి తియ్యడం. పదును వైపు పైకి ఉండాలి, వీపు కిందకి ఉండాలి, వీపు ఒర గోడకి ఆనుకుని జారేలా మెల్లగా లాగాలి. ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. ఈ ఒరలు హోనోకి అనే మెత్తని చెక్కని రెండు ముక్కలుగా తొలిచి, అన్నం మెదిపి చేసిన జిగురుతో అంటించినవి. మన ఇళ్ళల్లో కవర్లకి మెతుకు రాసి అంటించేవాళ్ళు చూడండి, అదే పద్ధతి, కావాలనే అలా చేస్తారు, అవసరమైతే మళ్ళీ విడదీసి లోపల శుభ్రం చేసుకోవచ్చని. కానీ నూట యాభై రెండొందల ఏళ్ళ ఒరలో ఆ జిగురు వదిలేసి ఉండొచ్చు, పైన లక్క పొర మాత్రమే పట్టుకుని ఉంటుంది, మీరు అతుకు మీద వేళ్ళు చుట్టి గట్టిగా పట్టుకుని లాగారంటే ఒర నోరు తెరుచుకుని పదును సరాసరి వేళ్ళలోకి దిగుతుంది. సో అతుకు ఎక్కడుందో ముందు చూసుకుని, చదునుగా ఉన్న రెండు పక్కలే పట్టుకోండి.

కత్తి బయటికొచ్చాక పిడి సంగతి. పిడి చుట్టూ పట్టుతాడు అల్లి ఉంటుంది, ఆ అల్లికలో డైమండ్ ఆకారంలో ఖాళీలు కనబడతాయి, వాటిలో ఒకదాన్లో చిన్న వెదురు మేకు ఉంటుంది, దాన్ని మెకుగి అంటారు. కత్తిని పిడిలో పట్టి ఉంచేది ఆ ఒక్క వెదురు ముక్కే. అది ఒక వైపు సన్నగా ఒక వైపు లావుగా చెక్కి ఉంటుంది, రెండు వైపులా చూసి సన్నగా ఉన్న వైపు నుంచి నెట్టాలి. దీనికోసం ఇత్తడి సుత్తి చిన్నది అమ్ముతారు, లేకపోతే వెదురు పుల్ల మొన చదును చేసి వాడుకోవచ్చు. స్టీల్ స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టొద్దు, జారితే పిడి మీద ఉండే సామె తోలు (అంటే టేకు చేప తోలు) చీరుకుపోతుంది. మేకు వచ్చాక పిడి చివర ఎడమ చేత్తో పట్టుకుని, బ్లేడ్ నిలువుగా కొంచెం వాలుగా, పదును మీ వైపు కాకుండా అటు తిప్పి ఉంచి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద మెల్లగా తట్టాలి. మెల్లగా అంటే నిజంగా మెల్లగానే. కతానా అయితే లోపల ఇనుము పొడుగ్గా ఉంటుంది కాబట్టి కొంచెం గట్టిగా తట్టినా ఆగుతుంది, చిన్న కత్తులకి ఆ తోక పొట్టిగా ఉంటుంది, ఒక్క దెబ్బకే బ్లేడ్ ఎగిరి బయటపడిన సందర్భాలున్నాయి. వదులైంది అనిపించగానే తట్టడం ఆపేసి, వీపు వైపు నుంచి మెత్తటి గుడ్డతో బ్లేడ్ పట్టుకుని పైకి తీసుకోండి. ఎన్నిసార్లు తట్టినా కదలకపోతే అక్కడితో వదిలేయండి, లోపల తుప్పు పట్టి బిగిసిపోయి ఉంటుంది, అది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని.

తర్వాత వరసగా వచ్చేవి: పల్చటి వాషర్లలాంటివి సెప్పా, మధ్యలో చేతికి అడ్డుండే పళ్ళెం త్సుబా, మళ్ళీ సెప్పా, చివర్న బ్లేడ్ మొదట్లో తొడిగిన రాగి తొడుగు హబాకి. ఒక్కోటీ తీసే ముందే ఫోన్‌తో ఫోటో తీసుకోండి, ఏ ముఖం ఎటు ఉందో గుర్తుండదు. పైనున్న సెప్పా, కిందున్న సెప్పా చూడ్డానికి ఒకలాగే ఉన్నా తారుమారు చేస్తే బిగువు పోయి కత్తి పిడిలో లొడలొడలాడుతుంది. తిరిగి బిగించేటప్పుడు అదే వరస, బ్లేడ్‌ని పిడిలోకి దింపి పిడి అడుగున అరచేత్తో తట్టి మేకు పెట్టేయడమే, మేకు వదులుగా ఉంటే అగ్గిపుల్లా టూత్‌పిక్కూ దోపకుండా కొత్త వెదురుతో చెక్కించుకోండి, ముసలి వెదురు అయితే మంచిది.

ఒక్కో ముక్క ఎలా చూడాలి

ఇప్పుడు అసలైన ఆనందం. పది రెట్లు పెద్దగా చూపించే లూప్ ఒకటి కొనుక్కోండి, నగల షాపులవాళ్ళు వాడేది. పిడి మొదట్లో ఉంగరంలా ఉండే ముక్క ఫుచి, పిడి చివర టోపీలా ఉండేది కషిరా, ఈ రెండూ మామూలుగా ఒకే చేతి పని, ఒకే బొమ్మకి రెండు భాగాలు. మంచి షకుదో ఫుచిని లూప్ కింద పెట్టి చూడండి. వెనక బ్యాక్‌గ్రౌండ్ అంతా గసగసాలు పరిచినట్టు సన్నటి గుండ్రటి చుక్కలు ఉంటాయి, దీన్ని ననాకో అంటారు. ఒక్కో చుక్కా మొన దగ్గర చిన్న గుంట ఉన్న పంచ్‌తో, ఒక్కో సుత్తి దెబ్బతో కొట్టింది. మంచి పనిలో వరసలు ఎక్కడా తొణకవు, ఫుచి వంపు తిరిగే దగ్గర కూడా వరస వంకర పోదు, బొమ్మ అంచు దాకా వచ్చి, అంటే ఒక పక్షి కాలి గోరు పక్కకి కూడా వచ్చి, సరిగ్గా ఆగుతుంది. పోత పోసిన నకిలీలో ఇదే చుక్క మొద్దుబారి ఉంటుంది, చుక్కకీ చుక్కకీ మధ్య లోయ సరిగా ఉండదు, బొమ్మ అంచు దగ్గర చుక్కలు కరిగిపోయినట్టు కలిసిపోతాయి, అక్కడక్కడా గాలి బుడగల గుంటలు కూడా కనిపిస్తాయి. కొనేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష నేర్చుకున్నా చాలా డబ్బు మిగులుతుంది.

ఈ ననాకో, షకుదో, బంగారం కాంబినేషన్ అంటే గుర్తొచ్చేది గోతో వంశం. గోతో యూజో (1440 నుంచి 1512) అషికాగా వంశపు షోగున్ (అంటే జపాన్‌ని ఏలిన సైనిక పాలకుడు) యోషిమాసా దగ్గర పనిచేశాడు, అతనితో మొదలై పదిహేడు తరాలు ఇదే పని చేశారు, షోగున్లకీ పెద్ద పెద్ద జమీందార్లకీ. వాళ్ళ పనిలో డ్రాగన్లు, సింహాలు, అంతా దర్బారు పద్ధతి, ఒక గీత కూడా దాటరు. 17వ శతాబ్దం చివర్లో యోకోయా సోమిన్ లాంటివాళ్ళు ఆ ఆస్థాన పద్ధతి నుంచి బయటికొచ్చి ఊళ్ళో సొంతంగా పనిపెట్టి, బ్రష్‌తో గీసిన గీత ఎలా లావై సన్నబడుతుందో అలాగే ఉలితో లోహం మీద గీయడం మొదలుపెట్టారు, నాకైతే ఆ గీతల పనే ఎక్కువ ఇష్టం, బంగారం తక్కువ ఉంటుంది, ప్రాణం ఎక్కువ ఉంటుంది.

మెనుకి అంటే పిడి మీద తాడు అల్లిక కింద దూర్చిన రెండు బొమ్మలు, రెండు పక్కలా ఒక్కోటి, సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, ఒకటి కొంచెం ముందుకి ఒకటి కొంచెం వెనక్కి. తాడు కింద సగం దాగి ఉంటాయి కాబట్టి చూడ్డానికి విప్పాలనిపిస్తుంది, విప్పకండి. ఆ అల్లిక మళ్ళీ అల్లడం ఒక ప్రత్యేకమైన వృత్తి, ప్రతి మడత కింద ఆకారం నిలబడడానికి చిన్న కాగితం ముక్కలు పెట్టి అల్లుతారు. తాడు చిరిగి వేలాడుతుంటే ఫెవిక్విక్ వేసే ఆలోచన కూడా రానివ్వకండి, అది సామె తోలులోకీ మెనుకి మీదకీ పాకితే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు, పల్చటి నూలు దారంతో వదులుగా ఒక చుట్టు కట్టి ఉంచండి చాలు.

ఇక త్సుబా. మధ్యలో ఉన్న త్రికోణం లాంటి రంధ్రంలోంచి బ్లేడ్ తోక వెళ్తుంది, దాని పక్కన ఇంకో ఒకటో రెండో రంధ్రాలుంటాయి, అర్ధచంద్రాకారంలో ఉండేది కొజుకా కోసం, మూడు రేకుల్లా ఉండేది కోగాయ్ కోసం, కోగాయ్ అంటే జుట్టు సర్దుకునే పుల్లలాంటిది. మధ్య రంధ్రం అంచుల్ని జాగ్రత్తగా చూడండి. పైనా కిందా మెత్తటి రాగి ముక్కలు దూర్చి ఉన్నాయా, చుట్టూ పంచ్‌తో కొట్టిన గుంటలున్నాయా, ఉంటే ఆ త్సుబా ఒక కత్తి నుంచి ఇంకో కత్తికి మారింది అని అర్థం, ప్రతిసారీ కొత్త తోకకి సరిపోయేలా సర్దారన్నమాట. ఇది లోపం కాదు. కత్తి సామాను మార్చుకోవడం అప్పట్లో మామూలే, ఒక బ్లేడ్‌కి రెండు మూడు సెట్లు ఉండేవి కూడా, 14వ శతాబ్దపు బ్లేడ్ మీద 19వ శతాబ్దపు కోషిరాయె ఉండడం రోజూ చూసేదే. అందుకే "ఈ కత్తి ఏ కాలంది?" అనే ప్రశ్నకి ఒక్క ఆన్సర్ ఉండదు, బ్లేడ్‌కి ఒకటి, త్సుబాకి ఒకటి, ఫుచి కషిరాకి ఒకటి, ఒరకి ఒకటి విడివిడిగా చెప్పుకోవాలి, ఎవరైనా అమ్మేవాళ్ళు అన్నిటికీ కలిపి ఒకే తేదీ గట్టిగా చెప్తుంటే వాళ్ళ మాట మీద కాదు, ముక్కల మీద కళ్ళు పెట్టండి.

ఇనుప త్సుబా అయితే దాని నల్ల గోధుమ రంగు పూత కూడా కాపాడాల్సిందే. ఎర్రగా పొడిలా రాలే తుప్పు ఉంటే మాత్రం తియ్యాలి, జింక కొమ్ము ముక్కో ఎముక ముక్కో పదునుగా చేసి ఆ మచ్చ మీద మాత్రమే గీకి, తర్వాత నూలు గుడ్డతో చాలాసేపు రుద్దడం పాత పద్ధతి, ఎముక ఇనుము కంటే మెత్తన కాబట్టి కింది పూతని కొయ్యదు. ఇసక కాగితం, స్టీల్ పీచు వాడొద్దు.

బొమ్మల గురించి ఒక మాట. తూనీగ ఎక్కువ కనిపిస్తుంది, అది వెనక్కి ఎగరదు ముందుకే పోతుంది అని యోధులకి శుభంగా లెక్క. రొయ్యలు, పీతలు, అలలు, వానాకాలం పోయాక పూసే గడ్డిపూలు, చైనా కథల్లోని ఋషులు ఇలా చాలా ఉంటాయి. మనకి దగ్గరగా అనిపించేవి కొన్ని ఉంటాయి, వీణలాంటి బివా పట్టుకుని ఉండే బెన్‌జాయ్‌టెన్ మన సరస్వతే, బియ్యం బస్తాల మీద నిలబడి నవ్వుతూ సుత్తి పట్టుకున్న దాయ్‌కోకు మన మహాకాలుడి నుంచి వచ్చినవాడు, కవచం వేసుకున్న బిషమోన్‌టెన్ వైశ్రవణుడు అంటే కుబేరుడు. బ్లేడ్ మీద ఒక్కోసారి చెక్కి ఉండే అక్షరాలు సిద్ధం అనే పాత లిపిలో రాసిన సంస్కృత బీజాక్షరాలు, కత్తికి చుట్టుకున్న డ్రాగన్ చెక్కి ఉంటే అది ఫుదో అంటే అచలుడి గుర్తు. బౌద్ధంతో పాటు ఇక్కడి నుంచి చైనా మీదుగా అక్కడికి చేరిన దేవుళ్ళు వీళ్ళంతా.

ఒర మీద లక్క పనిని పక్క నుంచి లైట్ వేసి చూడండి. అద్దంలా మెరిసే నలుపు, రాయిలా గరుకు పెట్టింది, బంగారు రేణువులు చల్లింది, సామె తోలు అంటించి చదును చేసి లక్క వేసింది, చాలా రకాలున్నాయి. దర్బారుకి వేసుకెళ్ళే జత అయితే నల్ల ఒర, కతానా ఒర చివర చదునుగా, వాకిజాషి ఒర చివర గుండ్రంగా ఉండేది, కాబట్టి మీ దగ్గరున్నది విడిగా చేయించుకున్నదా లేక జతలోంచి విడిపోయిందా అనేదానికి ఇదొక చిన్న ఆధారం.

బ్లేడ్

దీని మీద విడిగా ఒక గైడ్ రాయొచ్చు కాబట్టి అత్యవసరమైనవి మాత్రమే చెప్తా. పిడిలో దాగి ఉండే తోక (నాకగో) మీద తుప్పుని ఎప్పటికీ, ఏ పరిస్థితిలోనూ తియ్యొద్దు, ఆ తుప్పు రంగు, దాని పొరలు చూసే వయసు చెప్తారు, అది గీకేస్తే విలువలో పెద్ద భాగం పోతుంది. అక్కడ సంతకం ఉంటే సంతోషించండి గానీ నమ్మేయకండి, కోతెత్సు లాంటి పేరుమోసిన కత్తుల కమ్మరుల పేర్లతో దొంగ సంతకాలు ఎడో కాలంలోనే బోలెడు కొట్టారు. తోకకి రెండు మూడు రంధ్రాలుంటే పిడి మార్చారనో బ్లేడ్ కోసి పొట్టి చేశారనో అర్థం. ఒక బల్బు కింద కోణం మార్చి మార్చి చూస్తే పదును వెంట తెల్లటి అల, హామోన్, కనిపిస్తుంది, అది మొన దాకా సాగుతుందో లేదో చూడండి. పదునుకి అడ్డంగా వెంట్రుకంత పగులుంటే బ్లేడ్ పరంగా అది పెద్ద దెబ్బే, రిపేర్ లేదు.

మసకబారిన బ్లేడ్‌ని సాన పట్టే అతనికి మాత్రం ఇవ్వొద్దు, బఫింగ్ వీల్ తగిలితే బ్లేడ్ గీతలూ మూలలూ గుండ్రబడిపోయి ఇంకెవరూ సరిచేయలేని స్థితికి వస్తుంది. దీనికి శిక్షణ తీసుకున్న పాలిషర్లు ఉంటారు, ఏళ్ళ తరబడి నేర్చుకుంటారు, ఖర్చు బ్లేడ్ పొడవు లెక్కన వేస్తారు, చాలా ఎక్కువ ఉంటుంది.

నూనె విషయంలో చోజి నూనె అని అమ్ముతారు, లవంగం వాసన ఉంటుంది, ఇప్పుడు దొరికేది ఎక్కువగా మినరల్ ఆయిలే. మెడికల్ షాపులో పంటి నొప్పికి ఇచ్చే లవంగ తైలం ఇది కాదు, అది రాయొద్దు. కొబ్బరి నూనె, నువ్వుల నూనె కూడా వద్దు, కొన్నాళ్ళకి జిడ్డు గట్టిపడిపోతాయి. చోజి దొరక్కపోతే ఏమీ కలపని కుట్టు మిషన్ నూనె వాడుకోవచ్చు. పాత నూనె మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో వీపు వైపు నుంచి పట్టుకుని, హబాకి దగ్గర మొదలుపెట్టి మొన వైపుకి ఒకే దిశలో తుడవాలి, వెనక్కి లాగకూడదు, అవసరమైతే శుభ్రమైన ఆల్కహాల్ కొంచెం వాడొచ్చు. సినిమాల్లో చూపించే తెల్ల పొడి ఉండలు మంచి పాలిష్ ఉన్న బ్లేడ్‌కి మాటిమాటికీ కొడితే సన్న గీతలు పడతాయి, కాబట్టి నేనైతే వాటి జోలికి పోవద్దనే చెప్తాను. కొత్త నూనె పొర కనీ కనబడనంత ఉంటే చాలు, ఎక్కువైతే కారి ఒరలోకి, పిడిలోకి దిగి చెక్కని పాడుచేస్తుంది.

దాచడం

జపాన్ పద్ధతి చాలా తెలివైనది. బ్లేడ్‌ని షిరసాయా అనే పూత లేని సాదా చెక్క ఒరలో దాస్తారు, కోషిరాయెలో బ్లేడ్‌కి బదులు అదే కొలతలో చేసిన చెక్క బ్లేడ్ పెట్టి అలంకరణ మొత్తం విడిగా నిలబెడతారు, దేని దారి దానిది. మీ కత్తితో ఇవి రాకపోతే ఎప్పటికైనా చేయించుకోవడం మంచి పెట్టుబడి. వైజాగ్, కాకినాడ, బందరు, నెల్లూరు లాంటి చోట్ల ఉప్పు గాలి వల్ల వర్షాకాలంలో నెలకోసారైనా తీసి చూడాలి, హైదరాబాద్‌లో అంత భయం లేదు కానీ ఏప్రిల్ మే ఎండలకి గది మరీ పొడిబారితే లక్క పగుళ్ళిస్తుంది, సో సిలికా జెల్ కుప్పలు కుప్పలుగా వేసేయకుండా పెట్టెలో చిన్న తేమ మీటర్ పెట్టుకుని చూస్కోండి. ఎండ పడే గోడకి తగిలించొద్దు, లక్క రంగూ పట్టుతాడు రంగూ రెండూ పోతాయి. లెదర్ కవర్లో, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. స్టాండ్ మీద పెడితే పదును పైకి ఉండేలా పెట్టండి.

కొనేముందు

1876లో, షోగున్ల తర్వాత వచ్చిన మెయ్‌జీ ప్రభుత్వం బయట కత్తులు పెట్టుకుని తిరగడం నిషేధించింది, దాంతో ఈ పనివాళ్ళందరి బతుకూ ఒక్కసారిగా తలకిందులైంది. కానో నత్సువో (1828 నుంచి 1898) లాంటి చెయ్యి తిరిగినవాడు కొత్త జపాన్ నాణేల అచ్చులు చెక్కాడు, చాలామంది విదేశీయుల కోసం పూలకూజాలు, పెట్టెలు చేయడానికి మళ్ళారు, కత్తుల నుంచి ఊడదీసిన త్సుబాలు, మెనుకిలు విడి ముక్కలుగా యూరప్, అమెరికా చేరాయి. బోస్టన్, న్యూయార్క్ మెట్రోపాలిటన్, లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంల వెబ్‌సైట్లలో వాటి ఫోటోలు పెద్ద సైజులో ఉచితంగా చూడొచ్చు, కొనే ముందు కొన్ని వారాలు రోజూ రాత్రి అవి చూడండి, కన్ను తయారవుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్ జంగ్ మ్యూజియం జపాన్ విభాగంలో కతానా, వాకిజాషి నేరుగా చూడొచ్చు.

పేపర్ల విషయానికొస్తే జపాన్‌లో 1948లో పెట్టిన ఎన్‌బీటీహెచ్‌కే అనే సంస్థ కత్తులు పరీక్షించి హోజోన్, తోకుబెత్సు హోజోన్, జూయో, తోకుబెత్సు జూయో అని మెట్లు మెట్లుగా సర్టిఫికెట్లు ఇస్తుంది. బ్లేడ్‌కి ఇచ్చిన పేపర్ కోషిరాయెకి వర్తించదు, దానికి వేరే పేపర్ ఉండాలి, అమ్మేవాళ్ళు రెండూ కలిపి మాట్లాడుతుంటే ఏది దేనికో అడగండి. జపాన్ నుంచి కత్తి బయటికి రావాలంటే అక్కడి రిజిస్ట్రేషన్ కార్డు వెనక్కిచ్చి, కల్చరల్ అఫైర్స్ ఏజెన్సీ నుంచి ఎగుమతి పర్మిషన్ తీసుకోవాలి, నమ్మకమైన డీలర్లు ఇది వాళ్ళే చూసుకుంటారు.

ఇండియాకి తేవాలనుకునేవాళ్ళకి ఇంకో మెట్టుంది. 1959 ఆర్మ్స్ యాక్ట్, దాని రూల్స్ ప్రకారం కత్తులు, 9 అంగుళాలు దాటిన బ్లేడ్లు ఆయుధాల కిందకి వస్తాయి, వాకిజాషి ఎలా చూసినా ఆ కొలత దాటుతుంది. ఇంట్లో ఉంచుకోడానికి లైసెన్స్ కావాలా అనేది మీరుండే ప్రాంతంలో ఉన్న నోటిఫికేషన్ బట్టి ఉంటుంది, బయటి దేశం నుంచి తెప్పించుకోవడం వేరే పర్మిషన్. డబ్బు కట్టాక కస్టమ్స్‌లో ఇరుక్కునే కంటే కట్టకముందే పోలీస్ కమిషనరేట్‌లోనో కలెక్టరేట్‌లోనో ఆయుధాల లైసెన్సులు చూసే సెక్షన్‌కి వెళ్ళి రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఈ గొడవంతా వద్దు, నాకు ఆ పనితనం చాలు అనుకునేవాళ్ళు విడి ముక్కలతో మొదలుపెట్టొచ్చు, ఒక త్సుబా, ఒక ఫుచి కషిరా జత, ఒక మెనుకి జత, ఇవి ఆయుధాలు కావు, అరచేతిలో పడతాయి, చిన్న చెక్క పెట్టెల్లో దాచుకోవచ్చు, మొదటిసారి కొంటుంటే సంతకం ఉన్న పెద్ద పేరు కోసం వెతక్కుండా సంతకం లేకపోయినా ననాకో శుభ్రంగా ఉన్న షకుదో ముక్క ఒకటి చూసి కొనుక్కోండి.